పద్నాలుగో వరుసలో చీటీ

స్విండన్ శివార్లలో కిటికీలు లేని గిడ్డంగి ఒకటి ఉంది. గతించిన రచయితల కాగితాలు భద్రపరిచే చోటు. అందులో పద్నాలుగో వరుసకు మంచి పేరు లేదు. మనిషి కదిలితేనే వెలగవలసిన దీపం, అక్కడ ఎవరూ లేకుండానే వెలుగుతుందని చెప్పుకునేవారు — అక్టోబరులో, అక్కడే పనిచేసే పార్థసారథి గుండె ఆగి పోయినప్పటి నుంచి.

ఆ వరుసలో ఒక ఐరిష్ రచయిత్రి పెట్టెలుండేవి. జనమంతా విడిచిపోయిన తన ద్వీపంలో ఎవరెవరు కన్నుమూశారో, బతికినన్నాళ్లూ ఏం పాడుకున్నారో ఆమె ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టింది. ఆ ఊరికి మిగిలిన ఆనవాలు అదొక్కటే. ఐర్లండ్ ఏళ్ల తరబడి అడగగా, తెల్లవారితే ఆ పెట్టెలన్నీ డబ్లిన్‌కు బయలుదేరాలి.

నోటుపుస్తకం మాత్రం కనిపించడం లేదు.

చివరగా దాన్ని ముట్టుకున్నది పార్థసారథి. దొరక్కపోతే, పోగొట్టినవాడిగా అతని పేరు నివేదికకెక్కుతుంది. అతని భార్య సులోచనదీ అక్కడే ఉద్యోగం. నోటుపుస్తకం ఉండవలసిన పెట్టెను ఆమె అప్పటికే మూడుసార్లు వెతికింది. నాలుగోసారి కదిలేసరికి, డిసెంబరు కదా, నాలుగున్నరకే బయట చీకటి.

కాపలా ఉండే హన్మంతు గొంతు తగ్గించాడు.

"ఒక్కదానివే పోకక్కా. ఇందాక లైట్ రెండుసార్లు పడ్డది. సారు ఇంకా డ్యూటీ దిగలేదనుకుంట."

"దిగకపోతే మంచిదేగా తమ్ముడూ," అంది ఆమె.

వరుస చివర దీపం… ఆమె అడుగు పెట్టకముందే వెలిగింది.

పెట్టె మూత తీసింది. పైనే, ఆ మూడుసార్లూ కనపడని ఒక చీటీ — ఏదైనా తీసినవారు దాని చోట రాసి ఉంచవలసిన చీటీ. పెన్సిలుతో, భర్త చేతిరాత. పురుగు పట్టింది, ఫ్రీజరులో మూడో అర, అడుగున — అని. తేదీ, అతను పోవడానికి ముందురోజుది. తిరిగి పెట్టినప్పుడు నింపవలసిన గడి ఖాళీగా ఉంది.

పురుగు చావడానికి పుస్తకాలను గడ్డకట్టించడం అక్కడి పద్ధతి. ఆమె పరుగున వెళ్లింది. మూడో అర అడుగున, సీలు వేసిన సంచిలో నోటుపుస్తకం… వేళ్లు కొంకర్లు పోతున్నా గుండెలకు హత్తుకుని తెచ్చింది. విప్పకుండానే పెట్టెలో ఉంచి, చీటీ చేతిలోకి తీసుకుంది.

ఖాళీ గడి నిండి ఉంది.

అదే చేతిరాత. తేదీ మాత్రం ఆ సాయంత్రానిది. పెన్సిలు పొడి ఆమె వేలికి అంటింది.

"ఏమండీ…"

దీపం ఆరిపోయింది.

పెట్టెలు డబ్లిన్ చేరాయి. ఆ వరుసలో దీపం మళ్లీ ఎన్నడూ తనంత తాను వెలగలేదు. సాయంత్రాలు సులోచన అక్కడికి వెళ్లి నిలబడుతుందని హన్మంతు చెబుతాడు — దీపం ఆరేదాకా కదలకుండా… ఆ తర్వాత చీకట్లో, ఇంకాసేపు.