వకాలత్తు వెనక్కి

ఉషకు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత గొంతు లేస్తుంది. ఆ ఉదయం శ్రీకాకుళంలో ఓ పెద్ద ప్రైవేటు ఆస్పత్రి రిసెప్షన్ దగ్గర రెండూ ఒకేసారి జరిగాయి. ఆస్పత్రి పేరు చెప్పను. చెబితే నా మీద కేసు వేస్తారు. రోగుల గుట్టు కాపాడడం చేతకాదు గానీ, తమ పరువు కాపాడుకోవడం వాళ్లకి బాగా తెలుసు.

“మా పేరు, మా ఊరు, మా జబ్బు, అన్నీ ఊరి మీద పారేసి ఇప్పుడేటి, సిస్టమ్ ప్రాబ్లమా?”

మేనేజర్ మోహనకృష్ణ చుట్టూ చూశాడు. “మెల్లగా మేడమ్, ప్లీజ్. పేషెంట్లున్నారు.”

“నానూ పేషెంటునే! నాకు తగ్గిపోనాది. ఆ ముక్క మీ ఫైల్లో ఎందుకు లేదు?”

నిరుడు ఉషకు టీబీ వచ్చింది. నాగా లేకుండా మందులు మింగింది, పూర్తిగా తగ్గింది. అమ్మ అసిరమ్మకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదు. కళింగపట్నం దగ్గర తెల్లారి పడవలు ఒడ్డుకు రాగానే అసిరమ్మ చేపలు కొని టౌనుకు తెచ్చేది. ఏ రోజు ఏ చేప పడిందో ఫొటో తీసి ఉష వాట్సాప్ గ్రూపులో పెట్టేది. వంజరం, చందువా, కానాగంతలు. ఇళ్లవాళ్లు అందులోనే ఆర్డర్ చెప్పేవారు.

ఆస్పత్రి యాప్ నుంచి రోగుల ఫైలు బయటపడింది. వేలమంది పేర్లున్న ఆ ఫైల్లో ఎవరి ఊరివాళ్లను వాళ్లు వెతుక్కున్నారు. ఫోన్ల వెంట తిరిగి తిరిగి అది చివరికి ఉష గ్రూపులోకే వచ్చి పడింది. ఎవరో మహాతల్లి ఉష పేరు చుట్టూ ఎర్రగీత గీసి మరీ పెట్టింది. ఒక్కొక్కరే గ్రూపులోంచి తప్పుకున్నారు. నిన్నటిదాకా గీసి గీసి బేరమాడినవాళ్లు తలుపు సందులోంచే “వద్దు, వద్దు” అన్నారు. నిండు గంపతో ఇంటికి తిరిగొచ్చిన అమ్మను చూస్తే ఉషకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

“అరిస్తే ఏటీ మిగలదండి. రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి,” అంది వెనకనించి ఓ గొంతు.

ఉష గిర్రున తిరిగింది. సన్నటి మనిషి. వానకు తడిసిన నల్లకోటు చేతి మీద వేలాడుతోంది. వేళ్ల మధ్య టోకెన్.

“మిమ్మల్ని ఎవరైనా అడిగినారా?”

“లేదండి. ధనరాజ్, అడ్వకేట్. మాది కోటబొమ్మాళి.”

“నాను ఊరడిగినానా?”

“అడుగుతారేమోనని ముందే సెప్పీసినాను.”

“లాయరుగారికి ఆస్పత్రిలో పనేటి?”

“తలనొప్పి.”

“నన్ను సూసినాకా?”

“కాదండి. విన్నాక.”

తిట్టాలనుకుంది. ఆ కోపం కూడా మోహనకృష్ణ మీదే చూపించి, కాగితం రాసి అతని ముందు పడేసి, సంతకం పెట్టేదాకా కదల్లేదు.

బయట వాన దంచేస్తోంది. ఎదురుగా టీకొట్టు రేకు కింద ఇద్దరూ నిలబడాల్సి వచ్చింది.

“దారులు లేకపోలేదు,” అన్నాడు ధనరాజ్. “సైబర్ పోలీసులకి కంప్లైంటిస్తే ఫైలు దొంగిలించినోడి కోసం ఎతుకుతారు. డేటా మీద కొత్త సట్టం వొచ్చినాది గాని, పూర్తిగా అమల్లోకి రావాల. దాని కింద జరిమానా పడినా సర్కారుకే పోతాది, మీకు రాదు. సేవలో లోపం జరిగినాదని వినియోగదారుల కమిషన్‌కి ఎల్తే మీకు న్యాయం దొరకొచ్చు. అక్కడ లాయరు లేకపోయినా మీరే మాటాడొచ్చు.”

“లాయరు అక్కర్లేని సోటికి లాయరెందుకు మరి?”

“అదే నానూ ఆలోచిస్తన్నాను. టీ తాగండి, సల్లారిపోతాది.”

ఉషకు నవ్వొచ్చింది. ఇంత మంటలో నవ్వొచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

“నాకు డబ్బులు కాదు ముఖ్యం. తప్పు మాదేనని ఆళ్లు పేపర్లో ఎయ్యాల. మాయమ్మ గంప మళ్లీ కాళీ అవ్వాల.”

“అయితే మీ పేరుతో, మీ జబ్బు పేరుతో అందరి ముందూ నిలబడాల. భయమెయ్యదా?”

“ఇంకేటి మిగిలిందని భయం?”

ధనరాజ్ వాడని టోకెన్‌ను జేబులో పెట్టేసుకున్నాడు.

ధనరాజ్ వకాలత్తు పుచ్చుకుని కేసు వేశాడు. ఆ వానాకాలమంతా ఉష అతని ఆఫీసుకు తిరిగింది. ధనరాజ్ గొడుగు పట్టేవాడు. తనూ ఫైళ్లూ తడిసి ముద్దయినా ఉష మీద చుక్క పడనిచ్చేవాడు కాదు.

“కాయితాలు తడిస్తే కేసేటవుతాది? బుద్ధుందా?” అనేది ఉష.

“జెరాక్సులు తీయించొచ్చండి. మిమ్మల్ని తీయించలేను కదా.”

“మాటలు మాత్రం కోటలు దాటిపోతాయి!” అని విసుక్కునేది. ఇంటికెళ్లాక మాత్రం ఆ మాట తలుచుకుని నవ్వుకునేది. అసిరమ్మ ఓరగా చూసేది. “ఏటే ఒసే, ఒక్కదానివే నవ్వుకుంటన్నావు?” అంటే, “కేసు గురించే” అనేది.

వాయిదా రోజు కమిషన్ వరండాలో ఉష చేతిలోని కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. అంతమందిలో జబ్బు పేరు వినాలి. అది చూసి ధనరాజ్ ఆమెను నవ్వించబోయాడు.

“మొదటిసారి ఆ జబ్బు మాత్ర మింగినాక బాత్రూంలో ఎర్రగా సూసి, అయిపోనాను దేవుడా అనుకున్నారా లేదా?”

ఉష పకపకా నవ్వేసింది. “రక్తం పోతన్నాదని అమ్మని పిల్సీసినాను!”

నవ్వు సగంలో ఆగిపోయింది.

“మీకెలా తెలుసు?”

“డాక్టర్లు సెప్తారు కదండీ.”

“ఆ మాత్ర మింగితే మూత్రం ఎర్రగా వొస్తాదని నాకు డాక్టరు ముందు సెప్పలేదు. మింగినాకే తెలిసినాది. నిజం సెప్పండి. ఆ రోజు మీకు తలనొప్పేనా?”

ధనరాజ్ తల దించుకున్నాడు.

“ప్రాక్టీసు మొదలెట్టిన ఏడాది నాకూ వొచ్చినాది. ఆ ఆస్పత్రిలోనే తగ్గినాది. ఎవరికీ సెప్పలేదు. నల్లకోటోడు దగ్గితే క్లయింటు కుర్చీ ఎనక్కి జరుపుకుంటాడు, ఉషగారూ. ఆ ఫైలు మా ఊరిదాకా పోలేదు గాని, మందులమ్మేవోళ్లు పేరెట్టి ఫోన్లు సేస్తన్నారు. ఆ రోజు నానూ అడగడానికే వొచ్చినాను. టోకెన్ తీసుకుని ఎనక నిలబడిపోయినాను. మీరు అరిసినారు.”

ఉష చెవులు ఎర్రబడ్డాయి.

“అందుకని నన్ను ముందుకి తోసీసినావా? నా జబ్బు కాయితం మీదకెక్కించి, నీ గొంతుతో అందరికీ సదివి, నువ్వు కోటెనక దాక్కుంటావా? భయమెయ్యదా అని నన్నడిగినావే, సిగ్గు లేదూ నీకు?”

‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. లోపల్నించి బంట్రోతు కేసు పిలిచాడు.

కమిషన్ అధ్యక్షురాలి ముందు ఆస్పత్రి తరఫు లాయరు లేచి గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, ఈ అమ్మాయి తల్లి చేపలమ్ముకుంటుంది. వీధి వీధీ తిరుగుతుంది, పదిమందితో మాట్లాడుతుంది. కూతురి జబ్బు సంగతి ఆవిడే ఎక్కడో నోరు జారి ఉంటుంది. ఫోన్లలో తిరిగిన ఆ ఫైలు మా దగ్గర్నుంచే పోయిందనడానికి రుజువేది? ఇంకో రోగి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదే!”

వెనక బెంచీలో అసిరమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉష పళ్లు కొరికింది. ధనరాజ్ వైపు చూడబుద్ధి కాలేదు.

ధనరాజ్ లేచాడు. మెడ దగ్గరి తెల్లబ్యాండు విప్పి బల్ల మీద పెట్టాడు.

“మేడమ్, ఈ కేసులో నా వకాలత్తు వెనక్కి తీసుకోవడానికి అనుమతి కోరుతున్నాను.”

పారిపోతున్నాడు! ఉషకు అక్కడే లేచి చెంప పగలగొట్టాలనిపించింది.

“కారణం?” అని అడిగింది అధ్యక్షురాలు.

“ఒకే కేసులో లాయరూ సాక్షీ ఒక్కడే కాకూడదు. నేను సాక్షిని. నాకూ టీబీ వచ్చింది. అదే ఆస్పత్రిలో తగ్గింది. అమ్మానాన్నలకు చెప్పలేదు. గదిలో కలిసి ఉన్న స్నేహితుడికి చెప్పలేదు. సిగ్గుపడి దాచుకున్నాను. ఆ సంగతి తెలిసింది ఒక్క ఆ ఆస్పత్రికే. అయినా మందులమ్మేవాడు నా పేరూ, నా జబ్బు పేరూ చెప్పి ఫోన్ చేశాడు.” ఆస్పత్రి లాయరు వైపు తిరిగాడు. “నేనెక్కడ నోరు జారానో మీరు చెప్పండి.”

ఉష కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. ఆ మనిషి దాచుకున్న సిగ్గే ఇప్పుడు తనకు రుజువు. దాన్ని తీసి అందరి ముందూ పెట్టేశాడు.

“అమ్మా, మీకిప్పుడు లాయరు లేడు. వాయిదా కావాలా?” అంది అధ్యక్షురాలు, ధనరాజ్‌కు అనుమతిచ్చి.

“వద్దండి. నాను మాటాడతాను.” ఉష లేచింది. “మాయమ్మ నోరు జారలేదండి. నాను దగ్గితే పక్కింటోళ్లకి వినపడకుండా రేడియో ఎట్టేది. అలాంటి తల్లి మీదకి తోసేస్తన్నారు! ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరు మా వీధికొచ్చి, అందరి ముందూ మాయమ్మ గంపలో సేపలు కొనాల. అప్పుడు నా కోపం తగ్గుతాది.”

అధ్యక్షురాలు నవ్వాపుకుంది. “చేపలు కొనమని ఆర్డరు వెయ్యలేనమ్మా.” తర్వాత వెనక కూర్చున్న మేనేజర్ మోహనకృష్ణను లేపింది. “ఫైలు పోయిందని మీకు ఎప్పుడు తెలిసింది?”

“బయటికి పొక్కడానికి నెల... నెల ముందే, మేడమ్.”

“రోగులకు చెప్పారా?”

“లేదండి,” అన్నాడు మోహనకృష్ణ. ఆస్పత్రి లాయరు గబగబా అతని చెవిలో ఏదో ఊదాడు. తప్పు తమదేనని పేపర్లో వేయిస్తామని, ప్రతి రోగికీ ఉత్తరం రాస్తామని అక్కడికక్కడే ఒప్పుకున్నారు. నష్టపరిహారం సంగతి వచ్చే వాయిదాకి పడింది. అసిరమ్మ ఆస్పత్రి లాయరు పక్కనుంచి వెళ్తూ, “సూడు బాబూ, నోరు జారడమంటే ఇందాక నువ్వు జారినావే, అదీ!” అని చక్కా బయటికి నడిచింది.

వరండాలో మళ్లీ వాన. ధనరాజ్ ఫోన్ మోగుతోంది. తెర మీద ‘నాన్న’. అప్పుడే ఎవరో కబురు కోటబొమ్మాళికి మోసేశారు. అతను ఫోన్ చూస్తూ నిలబడిపోయాడు. ఉష లాక్కుని ఎత్తింది.

“ఎవులమ్మా?” అన్నాడు అవతల ధనరాజ్ తండ్రి జగన్నాధం.

“నాను ఉషని. మీ అబ్బాయికి టీబీ వొచ్చిన మాట నిజమే, తగ్గిపోయిన మాటా నిజమే. దాసినందుకు అరవాలంటే మీరు ఆగాల. ముందు నాను అరవాల, మావా.”

ఆ చివరిమాట ఎలా వచ్చిందో ఉషకే తెలీదు. ధనరాజ్ తలెత్తి కళ్లార్పకుండా చూశాడు.

అరవబోయిన జగన్నాధం తగ్గాడు. “ఉషంటే... సేపలమ్మాయివా? వరి ఊడ్పులకి ఇంటికొచ్చినప్పట్నుంచీ ఆడికి నీ ఊసేనమ్మా. సచ్చినోడు, రోగం దాసినాడు గాని నిన్ను దాయలేదు. అరిసీయ్ తల్లీ, బాగా అరిసీయ్. నీ తరవాత నాను.”

ఉష ఫోన్ పెట్టేసి అతని వైపు తిరిగింది.

“మీ నాన్నకి నా ఊసు సెప్పినావు, ఇప్పుడు నీ రోగం అందరికీ సెప్పీసినావు. నాకు సెప్పాల్సింది మాత్రం ఎప్పుడు సెప్తావు?”

“నువ్వు కోపంలో ఉన్నావు కదా, తగ్గినాక...”

“నా కోపం ఇప్పట్లో తగ్గదు. ఇప్పుడే సెప్పు!”

చెప్పాడు. వాన చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు. అందుకని ఉష అతన్ని గద్దించి మళ్లీ చెప్పించుకుంది.