ఆఖరు కాపలా

పొద్దు వాలాక మార్ల్‌కోంబ్ చర్చి గేటు ముందు నుంచి ఎవరూ నడవరు. సారాకొట్టుకి అదే దగ్గరి దారి. అయినా తాగుబోతులు సైతం మిల్లు చుట్టూ తిరిగి వెళతారు. అక్కడేదో ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సమాధుల తోటలో ఆఖరున పూడ్చిన మనిషి ఆ గేటు దగ్గర కాపలా ఉండాలని ఊరి నమ్మకం. మరో శవం వచ్చాకే విడుదల. చర్చి కట్టిన నాటి నుంచీ ఆ కాపలా అలా చేతులు మారుతూనే వచ్చింది.

అయితే ఒక ఏడాది తోట నిండిపోయింది. రోడ్డు పక్కన కొత్త శ్మశానం ఇచ్చి, పాతదానికి తాళం వేశారు. తాళం పడేముందు ఆఖరున దిగినవాడు గొర్రెల కాపరి ఓబెడ్. అతని భార్య కెజీయాకి మాత్రం మొగుడి గోతిలో చోటు ఉంచారు.

బతికినన్నాళ్లూ చలికి ఓబెడ్ మోకాళ్లు పట్టేసేవి. అది తలుచుకుంటే కెజీయాకి ముద్ద దిగేది కాదు. ఒక మంచు సాయంత్రం అతని పాత కోటు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది.

పొగాకు వాసన... అతని పైపుదే.

"ఏమయ్యా," అంది గుసగుసగా. "ఎన్నాళ్లో లేదులే. నేనొచ్చి నిలబడతా, నువ్వెళ్లి పడుకో."

గేటు మీద కట్టిన చిన్న కప్పు కింద పొడిదగ్గు —

"రావద్దే, కెజీ."

"అదేం మాట?"

"నువ్వొస్తే నేను పోవాలి. నీ తర్వాత ఇంకెవరూ రారు... ఒక్కదానివే ఉండిపోతావు. ఆ కోటు నువ్వే తొడుక్కుని ఇంటికి పో."

మర్నాడే ఆమె పాస్టరు దగ్గరికి పరిగెత్తింది. "నన్ను కొత్త శ్మశానంలోనే పూడ్చండయ్యా. ఆయన పక్కన వద్దు."

"అలాగేనమ్మా," అన్నాడు పాస్టరు. పట్నం నుంచి కొత్తగా వచ్చినవాడు, దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాడు.

చలికాలం వెళ్లకుండానే కెజీయా పోయింది. ఆలుమగల్ని విడదీయడానికి పాస్టరుకి మనసొప్పలేదు. తాళం తీయించి, ఓబెడ్ గోతిలోనే పూడ్పించాడు. ఎదురు చెప్పే ధైర్యం ఊళ్లో ఒక్కడికీ లేకపోయింది.

ఇప్పుడా గేటు దగ్గర పొగాకు వాసన రాదు. దగ్గూ వినపడదు. మగవాళ్ల కోటు తొడుక్కున్న ముసలావిడ ఒకామె మాత్రం, సందెవేళ తెలియక అటు పోయే పొరుగూరివాళ్ల చెయ్యి పట్టుకుంటుంది...

"మా ఆయన ఎటెళ్లాడో చూశావా, నాయనా?"