చిట్టి అడిగేదాకా

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట: "కాస్త మీ చేతులు వెనక్కి పెట్టుకుంటారా?"

మా ఇంట్లో, నా మేనకోడలికి నేను మంచినీళ్లు అందించబోతుంటే అన్న మాట అది. తెల్లారకముందు నుంచీ బేకరీలో పిండి పిసికి ఇంటికొచ్చినవాణ్ణి. నాకు ఒళ్లు మండింది.

"పిల్లకి దాహమేస్తోందండీ."

"మీకెలా తెలుసు?"

"మొహం చూస్తే తెలీదా? పుట్టినప్పట్నించీ ఎత్తుకు తిరుగుతున్నాను."

"అదే చిక్కు. మీకన్నీ తెలిసిపోతున్నాయి. ఇంక తను అడగాల్సిన అవసరం ఏముంది?"

చిట్టికి ఆరేళ్లు. ఆటిజం ఉంది, మాటలు రాలేదు. ఈ అమ్మాయి బిహేవియర్ అనలిస్టు. స్కూటర్ మీద ఇంటింటికీ తిరుగుతూ అలాంటి పిల్లలకు అడగడం, ఆడుకోవడం నేర్పుతుంది. మా అక్క ఎక్కడెక్కడో వాకబు చేసి పిలిపించుకుంది. సెలవుల తర్వాత చిట్టిని బడిలో చేర్చాలంటే దాహం, ఆకలి, బాత్రూమ్ తనంతట తను చెప్పగలగాలి. అక్కడ మామయ్య ఉండడు కదా.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. చిట్టి గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది, ఏడుపు లంకించుకుంది. ఆ అమ్మాయి నన్ను చెయ్యి చాపమని చెప్పి, చాప మీదున్న నీళ్ల బొమ్మ కార్డును చిట్టి చేత తీయించి నా అరచేతిలో పెట్టించింది. "ఇప్పుడివ్వండి, వెంటనే" అంది. ఇచ్చాను. కోపం మాత్రం తగ్గలేదు.

"రాతిగుండె" అన్నాను వంటింట్లో అక్కతో.

"నోర్ముయ్యరా, వినిపిస్తుంది."

"వినిపించింది" అంది హాల్లోంచి ఆ అమ్మాయి, చిట్టితో పూసలు దొర్లిస్తూ.

కొన్ని వారాలు అలాగే కొట్టుకున్నాం. ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. చిట్టికి వానంటే పిచ్చి. మామూలుగా అయితే నా చెయ్యి పట్టి కిటికీ దాకా లాక్కెళ్లేది. ఆరోజు కర్టెన్ వేసి ఉంది, నేను దాని పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను. చిట్టి వచ్చింది. ఆగింది. వెనక్కి వెళ్లి కార్డుల్లో వెతికింది. ఎవరూ సాయం పట్టలేదు. కిటికీ బొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టింది.

నేను కర్టెన్ లాగిన ఊపుకి రాడ్డు ఊడి నెత్తిన పడింది.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. వాన వెలుగు బూడిదరంగుగా గదంతా పరుచుకుంది. చిట్టి అద్దానికి ముక్కు ఆనించి చినుకుల్ని చూస్తోంది, ఆ అమ్మాయి చిట్టిని చూస్తోంది, నేను నెత్తి తడుముకుంటూ ఆ అమ్మాయిని చూస్తున్నాను. ఆ వాన ఎప్పటికీ తగ్గకపోతే బావుండుననిపించింది. ఇంక నా పని అయిపోయింది.

"ఒరేయ్, చిట్టి క్లాసు నాలుగింటికి. నువ్వు మూడింటికే చొక్కా మారుస్తావేంట్రా?" అంది అక్క.

"పిండి అంటుకుందని."

"అంటుకున్నది పిండి కాదులే."

ఒకరోజు ఆ అమ్మాయి వాన తగ్గడం కోసం మా గేటు పక్కన రేకుల కింద ఆగింది. గొడుగు వంకతో నేనూ వెళ్లాను. రేకుల మీద చినుకులు గోల చేస్తున్నాయి. గొంతు సవరించుకున్నాను.

"మీతో ఒక మాట..."

"అనకండి."

"ఏం మాటో తెలీకుండానే?"

"తెలుసు. పిల్ల ఇంటివాళ్లతో మాకు ఇంకో బంధం ఉండకూడదు. రూలు. ఆ మాట మీరన్నా, నేనన్నా, నేనీ ఇంటికి రావడం మానెయ్యాలి. చిట్టి బాత్రూమ్ కార్డు దగ్గరే ఆగి ఉంది. ఇప్పుడు వదిలేస్తే ఎలా?"

"'నేనన్నా' అన్నారు మీరు."

ఆ అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని వానలోనే వెళ్లిపోయింది.

నేను వాగుడుకాయనని వీధంతా తెలుసు. అలాంటివాణ్ణి నోటికి తాళం వేసుకున్నాను. మా ఇద్దరి మధ్యా చిట్టి కబుర్లే. "ఈరోజు జామ్ అడిగింది" అనేవాణ్ణి. "అవునా" అనేది తను. ఆ "అవునా"నే బేకరీలో రొట్టెలు పొంగే దాకా తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి. రెండు ట్రేలు మాడ్చాను కూడా. హాయిగానే ఉండేది, ఎంత హాయిగా ఉండేదో అంత బాధగానూ ఉండేది.

చిట్టి బాత్రూమ్ కార్డు ఇవ్వడం నేర్చింది. బడిలో చేరింది. ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అంతలో ఒకరోజు ఆ అమ్మాయి వెంట ఒక బట్టతల పెద్దాయన వచ్చాడు. కొత్త అనలిస్టట. చిట్టి సోఫా వెనక దాక్కుంది. నేను ఆ అమ్మాయిని వసారాలోకి పిలిచాను.

"నేను ఒక్క ముక్క అనలేదుగా!"

"మీరు అనలేదు. నేనే అనేశాను."

"ఎవరితో?"

"మా సూపర్‌వైజర్‌తో."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఏ అమ్మాయైనా ఇష్టమని ముందు ఆఫీసులో చెబుతుందా అండీ?"

"మొన్న చిట్టి ఏడుస్తుంటే నేను చిట్టిని చూడలేదు. మీరెంత కంగారు పడుతున్నారా అని మీ మొహం చూశాను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంక ఆ చాప మీద కూర్చుంటే చిట్టికి అన్యాయం. ఆయన అలవాటయ్యేదాకా ఇద్దరం వస్తాం. తర్వాత నేను రాను. రెండేళ్లు ఫోన్ కూడా ఉండదు, అదీ రూలే."

"రెండేళ్ల తర్వాత?"

"చిట్టి బావుంటే వస్తాను. నేను తప్పుకున్నందువల్ల తను వెనకబడితే మాత్రం మీ ముందుకు రావడానికి నాకు మొహం ఉండదు."

మొదట్లో నిజంగానే వెనకబడింది. కార్డులు విసిరేసింది, తలుపు దగ్గర కూర్చుని స్కూటర్ చప్పుడు కోసం చూసింది. నాదీ అదే పని. పెద్దాయన మాత్రం విసుక్కోకుండా రోజూ చాప పరుచుకుని కూర్చునేవాడు. నెమ్మదిగా చిట్టి ఆయన పక్కన చేరింది. కార్డులు పోయి, బొమ్మ నొక్కితే మాట పలికే టాబ్లెట్ వచ్చింది. వానలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. ప్రతి వానకీ నేను కిటికీ దగ్గర చిట్టి పక్కన నిలబడి వీధి చివరి దాకా చూసేవాణ్ణి.

రెండేళ్లు నిండాక ఒక ఆదివారం సాయంత్రం మా గేటు ముందు స్కూటర్ ఆగింది.

చిట్టి హాల్లో తన క్లాసు పిల్లతో కూర్చుని రంగు బిళ్లలు వరసగా పేరుస్తోంది. ఆ అమ్మాయి లోపలికొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది.

"చిట్టీ, నేను..."

చిట్టి తలెత్తి చూసింది. టాబ్లెట్ దగ్గరకు లాక్కుని నొక్కింది.

"పక్కకి జరుగు" అంది టాబ్లెట్.

వెలుతురుకి అడ్డమొచ్చిందన్నమాట. ఆ అమ్మాయి గబుక్కున జరిగింది. చిట్టి మళ్లీ తన బిళ్లల్లో పడిపోయింది, పక్కపిల్లను ఎర్రది ఇమ్మని అడిగింది, తీసుకుంది. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి.

"నా అవసరమే లేదు తనకి" అంది.

"లేదండీ. నాకుంది" అన్నాను. "మీరంటే నాకు ప్రాణం. ఆ రేకుల కిందే చెప్పాలనుకున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"చెప్పాడా, లేదా?" వంటింట్లోంచి అక్క కేకేసింది.

ఇన్నాళ్లూ అక్కని మేడమ్ అని పిలిచిన ఆ అమ్మాయి, కళ్లు తుడుచుకుని నా వైపే చూస్తూ గొంతు పెంచింది.

"చెప్పారు, వదినా."