ఎనిమిది సెకన్ల సాయంత్రం

"మీ సాయంత్రం గోతిలో పడుతోందండీ," అన్నాడు లైటింగబ్బాయి, నిచ్చెన మీంచి.

కింద లాప్‌టాప్ ముందు కూర్చున్న ప్రోగ్రామరమ్మాయి తలెత్తలేదు. "పడటం లేదు. సెకను సెకనుకీ సమానంగా వెలుగు తగ్గుతోంది. మీటరు పెట్టి కొలిచాను."

"మనం మీటరుకి టికెట్లు అమ్మటం లేదు కదా."

ఆమె అప్పుడు తలెత్తింది. ఆ చూపుకి అతను నిచ్చెనని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

స్టేజి వెనక గోడంత తెర. దాని మీదున్న వీధి బొమ్మ ఎనిమిది సెకన్లలో మెల్లగా చీకట్లో కలిసిపోవాలి. ఆ ఫేడ్ ఆమె రాసిన ప్రోగ్రామే. ఉద్యోగం మానేసి సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. నాటకం డైరెక్టరు, అంటే లైటింగబ్బాయి పెద్దమ్మ, పొద్దున్నే తేల్చి చెప్పేసింది: "రేపు రిహార్సల్లో కుదరకపోతే పాత గుడ్డ తెరే కట్టిస్తాను. ఏమీ అనుకోకమ్మా."

మళ్ళీ వేసి చూశారు. ఆరు సెకన్ల దాకా వీధి పెద్దగా మారినట్టే లేదు. చివరి రెండు సెకన్లలో గభాలున నల్లబడిపోయింది.

"ఒక్క లైను కూడా తప్పు లేదు," అంది.

"తప్పని ఎవరన్నారు? బాగోలేదన్నాను."

"రెండూ ఒకటి కాదా?"

"మా పెద్దమ్మ కూరలో ఉప్పు కొలత ప్రకారమే వేస్తుంది. తిన్నవాళ్ళని అడగండి."

నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. అతను దిగి వచ్చి ఆమెని చివరి వరసలో కూర్చోబెట్టాడు. దీపాల వెలుగు తగ్గించే స్లైడరు దగ్గరికి వెళ్ళి, "వెలుగు సగమైంది అనిపించగానే చెయ్యెత్తండి," అన్నాడు.

ఎత్తింది.

"ఇప్పుడు మీ మీటరు చూసుకోండి."

నూటికి ఇరవై. మళ్ళీ చేయించింది. ఇరవై రెండు. మూడోసారి పంతొమ్మిది.

"కన్ను మోసం చేస్తోంది," అంది.

"పాపం, దాన్నేం అనకండి. వెలుగు నిండుగా ఉన్నప్పుడు గుప్పెడు పోయినా పట్టించుకోదు. చీకట్లో చిటికెడు పోతే గగ్గోలు పెడుతుంది."

"అయితే మొదట్లో గబగబా తగ్గించాలి, చివర్లో నిదానంగా." ఆమె అప్పటికే లేచి నడుస్తోంది. "మీ చెయ్యి కావాలి నాకు."

అతను కంగారుగా చూశాడు.

"స్లైడరు మీద," అంది.

స్లైడరు వైరు లాప్‌టాప్‌కి కలిపి, అతనిచేత అయిదుసార్లు సాయంత్రం చేయించింది. ప్రతిసారీ స్క్రీను మీద ఒక గీత వచ్చింది. మొదట నిటారుగా దిగి, తర్వాత మెత్తగా ఒరిగింది. ఆ గీతనే ప్రోగ్రాములో పెట్టి, తెర మీద వీధిని మళ్ళీ చీకట్లో కలిపి చూపించింది.

"ఇంత బాగుందేంటి?" అన్నాడు అతను.

"మీ చెయ్యే," అంది. అనేశాక అక్కర్లేని కీలు కూడా నాలుగు నొక్కింది.

అతను వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. "నా పదేళ్ళ పనిని పెట్టెలో పెట్టేశారు. ఇక నాతో పనేముంటుంది?" నవ్వుతూనే అన్నాడు. చుట్టిన వైరునే మళ్ళీ విప్పి చుట్టడం ఆమె గమనించింది.

మర్నాడు రిహార్సల్. హాలు చివర అతని ముందు బల్ల మీద ఆమె బిగించిన కొత్త బటన్ ఉంది; నొక్కితే సాయంత్రం మొదలవుతుంది. చివరి సీన్లో ముసలి నటుడు డైలాగు ముగించాడు. కానీ కదల్లేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. లైటింగబ్బాయి ఆగాడు. నటుడు నిట్టూర్చి తల వంచాక అప్పుడు నొక్కాడు.

వీధి ఎప్పుడు కనుమరుగైందో ఎవరూ చెప్పలేకపోయారు.

"గుడ్డ తెర అటకెక్కించండి," అంది పెద్దమ్మ. ఆమె నోట మెచ్చుకోలు అంటే అదే.

అందరూ వెళ్ళాక అతను అడిగాడు. "టైమరు పెట్టేస్తే సరిపోయేదిగా?"

"సరిపోదు. ఎలా తగ్గించాలో దానికి నేర్పగలిగాను. ఎంతసేపు ఆగాలో దానికి తెలీదు, నాకూ తెలీదు. మీకు తెలుసు."

"అయితే నాటకం ఆడినన్నాళ్ళూ నేనుండాలి."

"తర్వాత కూడా ఉండండి."

"ఇది పని సంగతేనా?"

"కాదు. లాప్‌టాప్ మూసేసే చెప్తున్నాను."

అతను చుట్టి ఉన్న వైరుని మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గర తాళాలు గలగలలాడాయి.

"ఒరేయ్, జవాబు చెప్పు," అంది పెద్దమ్మ. "హాలుకి తాళం వేసుకోవాలి నేను."

"ఉంటాను," అన్నాడు ఆమెతో. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "ఇంట్లో మీరే చెప్పాలి," అన్నాడు.

"ఇంట్లో పెద్దదాన్ని నేనేగా, ఇంకెవరికి చెప్పేది? మరి మీవాళ్ళకి ఎవరు చెప్తారమ్మా?"

"నేనే," అంది ప్రోగ్రామరమ్మాయి, సంచీ భుజాన వేసుకుంటూ. "ఆదివారం నాటకానికి వస్తున్నారు. ఆ వీధిలో పొద్దు వాలుతున్నప్పుడు వాళ్ళని వెనక్కి తిప్పి ఇతన్ని చూపిస్తాను."