దెబ్బమనిషి

దెబ్బ గౌరమ్మ మోకాలి కింద పడింది. కొట్టిన కుర్రాడితో సహా, మైదానంలో ఎడమవైపు నిలబడ్డ నగర దళమంతా ఒకేసారి కాళ్లు పట్టుకుని మూలిగింది. కుడివైపు సరిహద్దు దళం కన్నార్పలేదు.

"చాలు. తరవాతవాడు రా," అన్నాడు సుబేదార్ ఎర్రయ్య, పట్టీల పెట్టె పక్కన నిలబడి.

రోజూ జరిగేదే. రెండు దళాలకీ ఒకే కవాతు, ఒకే సెల్యూట్, ఒకే అన్నం. పొద్దున్నే ఒకే గొంతుతో చేసే ప్రతిజ్ఞ: విధి, క్రమశిక్షణ, త్యాగం. తేడా అంతా మణికట్టు మీది పట్టీలోనే; పట్టీలన్నిటినీ నడిపేది ఎర్రయ్య పక్కనున్న పెట్టె. సరిహద్దు దళానికి పట్టీ 'మూత' మీద, అంటే ఏ నొప్పీ తెలియకుండా ఉంటుంది. ఎదుటివాడు శత్రువు, వాడి నొప్పితో పని లేదు. నగర దళానికి 'తోడు' మీద ఉంటుంది; ఎదుటివాడికి దెబ్బ పడ్డప్పుడు ఆ ఒక్క పోటు తమ ఒంటికీ తగులుతుంది. ఎదుటివాడు సొంత మనిషి కనుక, దెబ్బ ఎలా ఉంటుందో ఒంటికి తెలిశాకే వీధిలోకి పంపుతారు. ఆ దెబ్బలు తినడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి గౌరమ్మ. నిబంధన కనుక అధికారులకీ పట్టీలున్నాయి. అవి ఎప్పుడూ మూత మీదే ఉంటాయి, అదీ నిబంధనే.

ఎర్రయ్య సరిహద్దులో పనిచేసి వచ్చినవాడు. ఏళ్ల తరబడి మూతలో ఉండి నరాలు మొద్దుబారిపోయాయి. ఇప్పుడు పట్టీ లేకపోయినా ఏమీ తెలియదు. మరిగే టీ గ్లాసు అరచేత్తో పట్టుకుని కబుర్లు చెబుతుంటే గౌరమ్మే లాక్కునేది. "సెయ్యి కాలిపోతంది బావూ," అని తిడుతూ బొబ్బలకి నూనె రాసేది. తన ఎదుటే రోజంతా దెబ్బలు తిన్న మనిషి తనకి నూనె రాస్తుంటే అతనికి సిగ్గేసేది. సిగ్గు ఒక్కటే ఇంకా మొద్దుబారలేదు.

కమాండెంట్ హైమవతి నేరుగా పెట్టె దగ్గరికి వచ్చింది.

"రేపు పొద్దున రేవుపేట ఖాళీ చేయించాలి. పోయినసారి నగర దళం లాఠీ ఎత్తి దించలేకపోయింది. ఇకనించి వాళ్లకీ మూతే. రెండు దళాల చేతా ఈమె మీద సాధన చేయించండి. కొలత అక్కర్లేదు."

"అందరూ కొడితే మనిషి మిగలదు మేడమ్."

"సరిహద్దులో మీరు కొలిచే కొట్టారా సుబేదార్?"

ఎర్రయ్య జేబులోంచి పెట్టె తాళంచెవి తీశాడు.

గౌరమ్మది రేవుపేటే. సున్నపు వలయంలో నిలబడి అంతా వింది. పరిగెత్తలేదు, బతిమాలలేదు. ఎర్రయ్య ముఖంలోకి చూసింది, అంతే.

అతను తాళంచెవి పెట్టెలో పెట్టి నగర దళాన్నీ, సరిహద్దు దళాన్నీ, అధికారుల వరసనీ తోడు వైపు తిప్పాడు. నగర దళాన్ని మూతకి తిప్పుతున్నాడనే అనుకున్నారు అందరూ. తిప్పి, చెవిని తాళంలోనే విరిచేశాడు. ఆ చెవి లేకుండా పట్టీ ఊడదు కూడా.

సరిహద్దు దళం కుర్రాడొకడు, మూత ఉందన్న ధీమాతో బలంకొద్దీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. మరుక్షణం మైదానమంతా నేల మీద ఉంది. కొట్టినవాడు లాఠీ వదిలేసి అమ్మా అని అరిచాడు. హైమవతి మట్టిలో పొర్లుతోంది. నిలబడి ఉన్నది ఎర్రయ్య ఒక్కడే.

కాసేపటికి హైమవతి మోచేతుల మీద లేచింది. "ఏం కాలేదు, లేవండి! ఒక్క దెబ్బకేనా? సాయంత్రానికి పెట్టె బాగుచేయిస్తాను. రేపటి డ్యూటీ ఆగదు."

కుర్రాళ్లు ఒకరినొకరు పట్టుకుని లేవసాగారు. కొందరు సిగ్గుపడి నవ్వుతున్నారు కూడా. గౌరమ్మ ఆ నవ్వులు చూసింది.

"బావూ, ఇంకోటి కొట్టు," అంది.

ఎర్రయ్యకి అర్థం కాలేదు.

"ఒక్క దెబ్బయితే రేపటికి మరిసిపోతారు. మా పేటకే గదా ఒచ్చేది! మా గుంటలు, పసిపిల్లలుంతారు ఆడ."

"నా వల్ల కాదు గౌరమ్మప్పా."

"మరెవుడి వల్ల అవుద్ది? ఈళ్లలో ఒక్కడు ఎత్తగల్డా? నీకొక్కడికే గదా నొప్పి తెలీంది."

ఎర్రయ్య కింద పడ్డ లాఠీ తీశాడు. చేతిలో ఉందో లేదో తెలియక ఒకసారి చూసుకున్నాడు. కుర్రాళ్ల నవ్వులు ఆగిపోయాయి.

"వద్దు సుబేదార్," అంది హైమవతి. ఆవిడ గొంతులో వేడుకోలు వినడం అక్కడ ఎవరికైనా అదే మొదటిసారి. "కొట్టొద్దు. దయచేసి."

గౌరమ్మ పళ్లు బిగించి, విరగని కాలు ముందుకు చాపింది.

ఎర్రయ్య కొట్టాడు.