విత్తనానికి రెండో అర్థం

నిఘంటువు ఆఫీసులో ఆమె 'వి' అక్షరం ప్రూఫులు దిద్దుతోంది. వారంలో పుస్తకం అచ్చుకు వెళ్లాలి. అప్పుడే బురద చెప్పులతో ఒక యువకుడు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. చేపపిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీ నడుపుతున్నాడట.

"విత్తనమంటే మొక్కల గింజేనని మీ పాత పుస్తకంలో ఉందటగా? చేప విత్తనాలు అమ్ముతానని రాస్తే, అది చూపించి ఆఫీసర్లు నా లైసెన్సు దరఖాస్తు తిప్పి పంపారు. చేపలకి విత్తనాలేంటని నవ్వారు కూడా."

"చేపపిల్లలని రాయాల్సింది," అంది ఆమె తలెత్తకుండా.

"మేం విత్తనమనే అంటాం."

"మీరొక్కరూ అంటే చాలదండీ. పదిమంది నోటా వినాలి."

"అయితే వచ్చి వినండి."

మర్నాడు ఆమె నోటుపుస్తకం పట్టుకుని వెళ్లింది. చెరువు గట్టున ఆడవాళ్లు సన్నని వలతో చేపపిల్లల్ని తొట్టెల్లోకి ఎత్తుతున్నారు.

"మెల్లగా, విత్తనం నలిగిపోతుంది," అంది ఒకామె.

"ఈసారి విత్తనం హుషారుగా ఉంది," అంది అతని తల్లి. "మావాడు వీటికి పెట్టాకే తను తింటాడమ్మా."

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆమె ఆ మాట కూడా రాసుకుంది.

వాన మొదలైంది. ఇద్దరూ రేకుల షెడ్డు కిందికి పరుగెత్తారు.

"ఎంతమంది అన్నారు?"

"పదకొండు మంది."

"మరి చాలా?"

"చాలు. అయినా వాన తగ్గేదాకా వింటాను," అంది, చెరువు వైపు చూస్తూ.

కొత్త నిఘంటువులో విత్తనానికి రెండో అర్థం చేరింది. లైసెన్సు కూడా వచ్చింది. అయినా అతను వారం వారం ఒక కొత్త మాట పట్టుకుని ఆఫీసుకు వస్తూనే ఉన్నాడు. ఆమె ఉచ్చారణ సరిచేసేది, వాక్యం దిద్దేది, నవ్వు మాత్రం దాచుకునేది.

అలా పది నెలలు గడిచాక ఒకరోజు ఉత్తచేతులతో వచ్చాడు.

"ఈ వారం మాటేంటి?"

"మాటేం లేదు. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది. ఎలా చెప్పాలో తెలియలేదు."

ఆమె కలం మూత పెట్టింది. "బాగానే చెప్పారు. ఇక మా నాన్నతో చెప్పండి."

ఆదివారం ఆమె తండ్రి వరండా బెంచీ మీద కూర్చుని అతన్ని ఎగాదిగా చూశాడు.

"మా అమ్మాయి ఎవరి మాటనీ దిద్దకుండా వదలదు. ఓర్చుకోగలవా?"

"పది నెలలుగా దిద్దించుకుంటూనే ఉన్నానండీ."

పెద్దాయన నవ్వాపుకుంటూ బెంచీ మీద పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు.