మాట లేని కార్డు

"పెయింటరన్నా, గోడ మీది మనిషి చెయ్యి ఎవలు నరికిండ్రు?"

జనగామలో నా దుకాణం ముందు గొడుగు ముడుస్తూ ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. అప్పుడు నేను సినిమా పోస్టరులో హీరో మీసానికి నల్లరంగు పూస్తున్నాను. మీసం చెంపదాకా పోయింది.

పేరు రాజమణి. పాలకుర్తిలో వయోజన విద్య టీచరు. ఆమె సెంటరు గోడ మీద బలపం పట్టిన పెద్ద చెయ్యి గీసింది నేనే. మణికట్టు దగ్గర ఆపేశాను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో గోడల మీద నినాదాలు రాస్తూ కుంచె పట్టినవాణ్ణి. ఈ పదేళ్లలో నా పనికి వంక పెట్టినవాళ్లు లేరు.

"అది స్టైల్ మేడం. పోస్టర్ల హీరో తల ఒక్కటే ఉండదా?"

"టాకీసుకు పోతె మిగిలిన హీరో కనవడతడు. నీ గోడకు టికెట్ ఉన్నదా? తెగిన చెయ్యని ఆడోళ్లు భయపడి వస్తలేరు. నెలాఖరుకు ముప్పై మంది కాకపోతె సెంటర్ బంద్. మా నాయిన సంబంధం చూసి పెట్టిండు. ఇగ మా ఊరు మరిపెడ పోవుడే."

వాన పెరిగింది. రేకు కింద ఇద్దరికీ చోటు సరిపోయింది. ఆ మాత్రం దయ ఆ రేకుకు ఉంది.

మర్నాడే వెళ్లి ఆ చేతికి నిండు మనిషిని చేర్చాను. పమిట గాలికి ఎగురుతోంది. ఊళ్లో వరినాట్లు వేసే పోశమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఓ సదానందం, గీమె ఎవల బిడ్డ? గీ కట్టుతోని నాటుకు దిగుతదా?"

"మరి ఎట్ల కడతరు అవ్వా?"

కొంగు నడుముకు చుట్టి, చీర మోకాళ్ల దాకా ఎగదోపి నిలబడింది. అట్లాగే గీశాను. ముఖం కూడా ఆమెదే పెట్టాను. సాయంత్రం తన బొమ్మ చూపించడానికి, తనతో నాటుకు పోయేవాళ్లనందరినీ వెంటేసుకొచ్చింది. వచ్చినవాళ్లు పలకలు పట్టారు. నెలాఖరుకు ముప్పై ఇద్దరు. సెంటరు నిలిచింది.

ఆ తర్వాత కూడా నేను వారానికి రెండుసార్లు 'టచింగ్' చేయడానికి వెళ్లేవాణ్ణి.

"ఇంక ఏం మిగిలింది పెయింటరన్నా?"

"ఆ 'అన్న' ఒక్కటి చెరపాలె."

రాజమణి నవ్వింది. అంతలోనే తల దించుకుంది. "సెంటర్ నిలవడ్డా సంబంధం ఆగలే. వచ్చే నెల చూడనీకి వస్తరట."

"మన సంగతి నాయినకు ఉత్తరం రాయరాదు?"

"నన్ను చదివిపిచ్చిండు గని, ఆయనకు అక్షరం రాదు. పోస్ట్‌మ్యాన్ చదివితె మరిపెడంత ఇంటది." సంచిలోంచి జవాబు కార్డు జతచేసిన పోస్టుకార్డు తీసింది. "ఒక్క మాట లేకుంట చెప్పాలె. మీతోని అయితదా?"

"అయితది."

అన్నాను గానీ, రెండు రోజులు అరచేయంత కార్డు ముందు కూర్చున్నాను. పోస్టరు దూరం నుంచి కేకేయాలి. గోడ ఆగి చూసేలా చేయాలి. కార్డు చెవిలో చెప్పాలి. దండలు గీస్తే తొందరపాటు, గుండె గీస్తే సినిమా వేషం. చివరికి మూసి ఉన్న తలుపు గీశాను. అది వాళ్ల ఇల్లేనని తెలిసేలా, రాజమణి చెప్పినట్టు గడపకు గుర్రపు లాడం పెట్టాను. బయట చెప్పులు విడిచి, కుంచె పట్టుకుని నేను. పక్కనే పుస్తకాల సంచితో ఆమె. అంతే.

పది రోజులు జవాబు లేదు. పదకొండో రోజు మధ్యాహ్నం రాజమణి బస్సు దిగి పరుగున వచ్చింది. చేతిలో జవాబు కార్డు.

బొగ్గుతో గీసిన వంకర గీతలు సగం చెదిరాయి. అయినా తెలుస్తోంది. అదే ఇల్లు. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల వరసగా నాలుగు కంచాలు.

"అమ్మ, నాయిన, నేను..." వేలు పెట్టి లెక్కపెడుతూ, నాలుగో కంచం దగ్గర నన్ను చూసింది.

కుంచె కింద పెట్టాను. "రేపు పొద్దుగాల బస్సుకు పోదామా?"

"గిప్పుడే నడువుండ్రి. బువ్వ చల్లారుతది."